మెగ్గర్‌కు మూడో టెర్మినల్ ఎందుకు?



ఎల్బీ నగర్‌లో ఏదైనా అపార్టుమెంటు సెల్లార్‌లో ప్యానెల్ బోర్డు ముందు కూర్చున్న ఎలక్ట్రీషియన్ సంచి విప్పి చూస్తే టెస్టర్, కటింగ్ ప్లయర్, ఇన్సులేషన్ టేపు కనిపిస్తాయి. కాస్త పెద్ద పనులు పట్టేవాడైతే మెగ్గర్ కూడా ఉంటుంది. కేబుల్‌లోని ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చెప్పే పెట్టె అది. పాతదైతే పక్కన తిప్పే హ్యాండిల్ ఉంటుంది, కొత్తదైతే బటన్ నొక్కితే చాలు. ఇంగ్లండ్‌కు చెందిన ఎవర్‌షెడ్ అండ్ విగ్నోల్స్ కంపెనీ 1903లో ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంది. నూట ఇరవై ఏళ్లు దాటినా మన దగ్గర ఏ కంపెనీ పెట్టెనైనా మెగ్గర్ అనే అంటారు.

దాని మీద సాధారణంగా మూడు టెర్మినల్స్ ఉంటాయి. ఒకటి లైన్, ఒకటి ఎర్త్, మూడోది గార్డ్. మొదటి రెండూ వాడి వాడి గీతలు పడి, రంగు పోయి ఉంటాయి. మూడోది షోరూంలో ఉన్నట్టే మెరుస్తూ ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, ఈ జీ అని ఉన్నది దేనికే?" అని అడిగితే, "అది మనకు పని లేదులే తమ్మీ, రెండు వైర్లు చాలు" అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. పూర్తిగా తప్పు జవాబు కాదు. ఇంటి వైరింగ్‌కు రెండు వైర్లు చాలు. చిక్కల్లా వానాకాలంలో, పెద్ద కేబుల్ దగ్గర వస్తుంది.

11 కిలోవోల్టుల భూగర్భ కేబుల్ ఒకటి ఉంది. దాని చివర ఒలిచి, టెర్మినేషన్ చేసి పెట్టారు. జూలై నెల, ముసురు పట్టింది, గాలిలో తేమ. టెర్మినేషన్ పైభాగం మీద రోడ్డు దుమ్ము పేరుకుని, ఆ దుమ్ము తడిసింది. కేబుల్ లోపలి ఇన్సులేషన్ భేషుగ్గా ఉంది, విలువ 2000 మెగా ఓములు అనుకుందాం. పైన తడిసిన దుమ్ము పొర మాత్రం కరెంటుకు దొంగదారి ఇస్తోంది, దాని విలువ 100 మెగా ఓములు. ఈ రెండు దారులూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి రెండు వైర్లతోనే కొలిస్తే మెగ్గర్ చూపేది దాదాపు 95 మెగా ఓములు. అంకె చూసినవాడు కేబుల్ పోయిందనుకుంటాడు. రోడ్డు తవ్వుతారు, ట్రాఫిక్ ఆగుతుంది, ఖర్చవుతుంది. కేబుల్ మాత్రం లోపల శుభ్రంగానే ఉంటుంది.

ఇక్కడే మూడో టెర్మినల్ పనికొస్తుంది. లైన్ వైరును కేబుల్ కండక్టర్‌కు, ఎర్త్ వైరును బయటి తొడుగుకు కలుపుతారు. రెండింటికీ నడుమ, ఒలిచిన ఇన్సులేషన్ పైభాగం చుట్టూ ఒక బోసి రాగి తీగను గట్టిగా రెండు చుట్లు చుట్టి గార్డ్‌కు కలుపుతారు. ఇప్పుడు తడి దుమ్ము మీదుగా పాకి వచ్చే కరెంటు కండక్టర్‌ను చేరకముందే ఆ తీగ దగ్గర చిక్కుతుంది. మీటరు గుండా పోకుండా, మెగ్గర్ లోపలి వోల్టేజీ మూలానికి నేరుగా తిరిగి వెళ్లిపోతుంది. మీటరు లోపలి ఇన్సులేషన్‌నే కొలిచి 2000 చూపిస్తుంది.

మరి చిక్కిన కరెంటు గార్డ్ తీగ నుంచి కండక్టర్ వైపు ఎందుకు దూకదు? మేడ మీద పక్కపక్కనే రెండు నీళ్ల ట్యాంకులున్నాయి, మధ్యలో పైపు ఉంది. రెండింట్లోనూ నీటిమట్టం ఒకటే అయితే పైపు ఎంత లావుదైనా నీరు అటూ ఇటూ కదలదు. గార్డ్ చేసేది సరిగ్గా అదే. కొలిచే తీగ ఎంత వోల్టేజీలో ఉందో తానూ అంతే వోల్టేజీలో నిలబడుతుంది. తేడా లేనిచోట లీకేజీ లేదు. ఇన్సులేషన్‌ను మెరుగుపరచడం కాదు ఇది. దాని మీద వోల్టేజీయే పడకుండా చూడడం.

ఈ ఉపాయం మెగ్గర్ కన్నా పాతది. లార్డ్ కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్ 19వ శతాబ్దం మధ్యకాలంలో రెండు పలకల మధ్య ఆకర్షణను తూచి వోల్టేజీ కొలిచే ఎలక్ట్రోమీటర్ చేశాడు. పలక అంచుల దగ్గర విద్యుత్ క్షేత్రం వంకర తిరిగి లెక్క చెడగొట్టేది. కొలిచే పలక చుట్టూ, దానికి తగలకుండా, అదే వోల్టేజీలో ఒక వలయం అమర్చాడు. వంకరంతా వలయం దగ్గరికి పోయింది, లోపలి పలకకు సమమైన క్షేత్రం మిగిలింది. గార్డ్ రింగ్ అనే పేరు అలా నిలిచిపోయింది.

హైదరాబాద్ తూర్పు భాగంలో ఉండేవాళ్లకు ఈ గార్డ్ రింగుతో తెలియని చుట్టరికం ఒకటుంది. ఎల్బీ నగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా వెళ్లే బస్సుల బోర్డుల మీద ఈసీఐఎల్ అని కనిపిస్తుంది. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద మొదలైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావు, పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, ట్రాంబేలో అణుశక్తి సంస్థకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను దేశంలోనే తయారుచేసే బృందానికి నాయకత్వం వహించారు. ఆ బృందం పనే తర్వాత హైదరాబాద్‌కు వచ్చి ఈసీఐఎల్ అయింది. జనానికి ఈసీ టీవీ గుర్తుంటుంది. ఇప్పటికీ ఆయన పేరు ఏ.ఎస్. రావు నగర్ అనే కాలనీ బోర్డుల మీద ఉంది. ఆయన ఎవరో అక్కడి ఇళ్ల అద్దెలు తెలిసినంత మందికి తెలియదు.

అణుశక్తి రంగానికి కావలసిన రేడియేషన్ కొలిచే పరికరాల్లో పాత, నమ్మకమైన రకం అయనైజేషన్ ఛాంబర్. మూసిన డబ్బాలో గ్యాసు, రెండు ఎలక్ట్రోడ్లు, మధ్యలో కొన్ని వందల వోల్టులు. రేడియేషన్ లోపలికి వచ్చినప్పుడు గ్యాసు అణువులు విడివడి కరెంటు పుడుతుంది. ఎంత కరెంటు? చాలాసార్లు పికో ఆంపియర్లలో. ఒక ఆంపియర్‌ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క పికో ఆంపియర్. ఎలక్ట్రోడ్లను పట్టి ఉంచే ఇన్సులేటర్ మీద వేలిముద్ర పడితే చాలు, ఆ చెమటలోని ఉప్పు గుండా పోయే లీకేజీ అసలు కరెంటును మింగేస్తుంది. అందుకని హై వోల్టేజీ ఎలక్ట్రోడ్‌కూ, కరెంటు పోగుచేసే ఎలక్ట్రోడ్‌కూ నడుమ ఒక గార్డ్ రింగ్ పెడతారు. అక్కడ గార్డ్ దాదాపు సున్నా వోల్టుల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే పోగుచేసే ఎలక్ట్రోడ్ కూడా అక్కడే ఉంటుంది.

ఈ చివరి మాట కాస్త గట్టిగా పట్టుకోవాలి. గార్డ్ ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుందని అనుకోవడం వల్లనే ప్రయోగశాలల్లో షాకులు కొడతాయి. అయనైజేషన్ ఛాంబర్‌లో అది సున్నా దగ్గర ఉంది సరే. మెగ్గర్‌లో మాత్రం గార్డ్ టెర్మినల్ లైన్ టెర్మినల్‌తో సమానంగా ఎక్కుతుంది. 5000 వోల్టుల పరీక్ష జరుగుతుంటే కేబుల్ చుట్టూ చుట్టిన ఆ అమాయకమైన రాగి తీగ కూడా భూమికి 5000 వోల్టుల దూరంలో ఉంటుంది. గార్డ్ అన్న పేరు విని అది తనను కాపాడుతుందనుకునేవాడు దాన్ని ధైర్యంగా పట్టుకుంటాడు. అది కాపాడేది మీటరు అంకెను. మనిషిని కాపాడే పని ఎర్త్‌ది.

సెమీకండక్టర్ ప్రయోగశాలల్లో వాడే సున్నితమైన కొలత పరికరాల దగ్గర ఈ తేడా ఇంకా సూటిగా కనిపిస్తుంది. వాటికి ట్రయాక్స్ అనే కేబుల్ వస్తుంది. నడుమ కొలిచే తీగ, దాని చుట్టూ ఒక తొడుగు, దానిపై ఇన్సులేషన్, ఆపైన ఇంకో తొడుగు. లోపలి తొడుగు గార్డ్, బయటి తొడుగు ఎర్త్. రెండు తొడుగులెందుకో చిన్న లెక్క చెబుతుంది. మామూలు కోయాక్స్ కేబుల్ ఇన్సులేషన్ విలువ 1000 కోట్ల ఓములనుకుందాం. మధ్య తీగకు 10 వోల్టులిచ్చి తొడుగును ఎర్త్ చేస్తే ఒక్క కేబులే 1000 పికో ఆంపియర్లు తాగేస్తుంది. కొలవాల్సింది పది పికో ఆంపియర్లయితే ఇంకేం కొలుస్తాం? అదే తొడుగును గార్డ్‌గా మార్చి మధ్య తీగతో ఒక్క మిల్లీవోల్టు తేడాలో నిలబెడితే లీకేజీ పికో ఆంపియర్‌లో పదో వంతుకు దిగిపోతుంది. పదివేల రెట్లు మెరుగు. కొత్త ఇన్సులేషన్ ఏదీ కొనకుండానే.

ఆ లాభానికి వెల ఏమిటంటే, లోపలి తొడుగు ఇప్పుడు లైవ్. అందుకే దానిపైన ఎర్త్ చేసిన బయటి తొడుగు తప్పనిసరి. పరికరాల భద్రతకు అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం ప్రకారం డీసీలో 60 వోల్టులు దాటితే దాన్ని ముట్టుకుంటే ప్రమాదమున్న వోల్టేజీగానే చూడాలి. ఈ పరికరాల్లో కొన్ని 200 వోల్టులు, మరికొన్ని 1100 వోల్టుల దాకా ఇస్తాయి. ట్రయాక్స్ దొరకక, చేతిలో ఉన్న కోయాక్స్ కేబుల్‌కు ఒక అడాప్టర్ తగిలించి పని జరుపుకునే అలవాటు కాలేజీ ల్యాబుల్లో ఉంది. కొన్ని రకాల అడాప్టర్లలో గార్డ్ నేరుగా బయటి మెటల్ కనెక్టర్‌కు వచ్చి కూర్చుంటుంది. వేళ్లతో తిప్పి బిగించే ఆ మెటల్ రింగే లైవ్ అవుతుంది. సామాన్లు కొనే గుమస్తాకు ఇదీ, గార్డ్ బయటికి రాని రకమూ ఒకలాగే కనిపిస్తాయి, ధరలో తేడా మాత్రం కనిపిస్తుంది.

అందుకని పద్ధతిగా చేసేవాళ్లు పరీక్షించే వస్తువును ఒక మెటల్ డబ్బాలో పెడతారు. ఆ డబ్బాను లావు తీగతో, గట్టి బోల్టుతో ఎర్త్ చేస్తారు. మూతకు స్విచ్ ఉంటుంది, మూత తీయగానే వోల్టేజీ ఆగిపోతుంది. డబ్బా లోపల గార్డ్ వోల్టేజీలో ఉండే చిన్న పలక వేరే ఉండొచ్చు, కానీ చేతికి తగిలేదంతా ఎర్త్ అయి ఉండాలి.

ఇక దిల్‌సుఖ్‌నగర్ రిపేరు బల్లల దగ్గరికి వద్దాం. కోచింగ్ సెంటర్ల బోర్డులతో నిండిన ఈ పేటలో ల్యాప్‌టాప్, మొబైల్ చిప్ లెవెల్ రిపేరు నేర్పే చోట్లు, నేర్చుకుని చిన్న మడిగె తెరిచిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. కావలసిన పార్టుల కోసం మెట్రో ఎక్కి కోఠీలో దిగి గుజరాతీ గల్లీకి వెళ్లొస్తారు. బల్ల మీద హాట్ ఎయిర్ గన్, మైక్రోస్కోప్, డీసీ సప్లై. కొంచెం నిలదొక్కుకున్నవాడి దగ్గర ఒక ఆసిలోస్కోప్.

ఆసిలోస్కోప్ ప్రోబ్ పక్కన ఒక చిన్న మొసలి క్లిప్పు వేలాడుతూ ఉంటుంది. ప్లగ్గుతో నడిచే స్కోపుల్లో ఆ క్లిప్పు, స్కోపు బాడీ, ప్లగ్గులోని మూడో పిన్ను మూడూ ఒకటే, అంటే నేరుగా భూమి. ఛార్జర్ లోపలి ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లైలో మెయిన్స్ వైపున్న భాగం 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి సుమారు 325 వోల్టులు చేస్తుంది. అక్కడి నెగటివ్ పట్టా భూమి కాదు. ఆ సంగతి తెలియక దానికి క్లిప్పు తగిలిస్తే డయోడ్ల గుండా మెయిన్స్ నేరుగా భూమికి షార్ట్ అవుతుంది. పెద్ద చప్పుడు, పొగ, చీకటి. ఒక్కోసారి స్కోపు కూడా పోతుంది.

ఒకసారి ఇలా జరిగాక చాలామంది చేసే పని ఇంకా ప్రమాదకరం. స్కోపు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను కోసేస్తారు, లేదా రెండు పిన్నుల అడాప్టర్ పెడతారు. చప్పుడు ఆగిపోతుంది. కొలత కూడా తెర మీద అందంగా వస్తుంది. కాకపోతే ఇప్పుడు స్కోపు మెటల్ బాడీ, నాబుల చుట్టూ ఉన్న కనెక్టర్లు అన్నీ మెయిన్స్‌తో కలిసి ఉన్నాయి. పక్క బల్ల వాడు టీ గ్లాసు అందించడానికి చెయ్యి చాపి, ఆ బాడీకి తగిలితే అంతే. పిన్ను కోసిన మనిషి ఆ సమయానికి షాపులో ఉండకపోవచ్చు కూడా.

సరైన దారి ఏమిటంటే భూమి నుంచి విడదీయాల్సింది స్కోపును కాదు, రిపేరుకొచ్చిన వస్తువును. దానికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అది లేనివాడు, లేదా మెయిన్స్‌నే కొలవాల్సినవాడు డిఫరెన్షియల్ ప్రోబ్ వాడాలి. మన రిపేరు షాపుల్లో దశాబ్దాలుగా ఉన్న సీరీస్ బల్బు సంగతి వేరు. అది మంచి అలవాటే. షార్ట్ ఉంటే బల్బు ధగధగ వెలిగి ఫ్యూజు కాలకుండా ఆపుతుంది. కానీ అది భూమి నుంచి విడదీయదు. బల్బు ఉంది కదా అని చెయ్యి పెడితే షాక్ మామూలుగానే కొడుతుంది. ఇంకో మాట: ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత రెండు తీగలనూ రెండు చేతులతో పట్టుకున్నవాడిని భూమికి పోయే లీకేజీని పసిగట్టి సప్లై ఆపే స్విచ్, అంటే ముందున్న ఆర్‌సీసీబీ, కాపాడదు. దానికి ఆ కరెంటు మామూలు లోడులాగే కనిపిస్తుంది.

అదే బల్ల మీద ఉండే రిస్ట్ స్ట్రాప్ కథ ముచ్చటైనది. చేతిలోని స్టాటిక్ ఛార్జీ వల్ల చిప్పులు చెడకుండా మనిషినే భూమికి కలిపే పట్టీ అది. దాని తీగలో ఒక మెగా ఓమ్ రెసిస్టర్ దాగి ఉంటుంది. స్టాటిక్ మెల్లగా దిగిపోవడానికి అది అడ్డం కాదు. పొరపాటున 230 వోల్టులు తగిలితే మాత్రం పట్టీ గుండా పోయే కరెంటును మిల్లీ ఆంపియర్‌లో నాలుగో వంతు కన్నా తక్కువకు కట్టేస్తుంది. సుమారు ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర చిమచిమ మొదలవుతుంది, పది దాటితే పట్టుకున్న తీగను వదలడం కష్టం, ఇంకొన్ని పదులు దాటితే గుండె లయ తప్పొచ్చు. అంత ఆలోచించి పెట్టిన రెసిస్టర్‌ను తీసేసి మామూలు తీగతో సొంతంగా స్ట్రాప్ చేసుకునేవాళ్లను ఏమనాలి? అసలు స్ట్రాప్ ఉన్నా సరే, మెయిన్స్ పెట్టి నడుస్తున్న ఎస్‌ఎంపీఎస్ మీద పనిచేసేటప్పుడు దాన్ని విప్పి పక్కన పెట్టాల్సిందే.

ఎర్త్ చేయడమే ప్రమాదమయ్యే చోటు కూడా ఒకటుంది. ఎల్బీ నగర్ రోడ్డు పొడవునా ఉన్న ఆసుపత్రుల్లో ఈసీజీ యంత్రం లేనిది ఉండదు. ఛాతీ మీద దొరికే గుండె సంకేతం మిల్లీవోల్టు స్థాయిది. గదిలోని ట్యూబులైట్లు, ఫ్యాన్లు, గోడలోని వైర్లు శరీరం మీద పుట్టించే 50 హెర్ట్‌జ్ వోల్టేజీ దాని కన్నా చాలా పెద్దది. పాతకాలంలో రోగి కుడికాలును నేరుగా ఎర్త్ చేసేవారు. గీత శుభ్రంగా వచ్చేది. అయితే అదే రోగికి తగిలించిన ఇంకో పరికరం లీక్ అయితే ఆ కరెంటు రోగి శరీరం గుండా కాలి నుంచి భూమిలోకి దిగేది. అందుకని ఇప్పటి యంత్రాలు కుడికాలును ఎర్త్ చేయవు. శరీరం మీది అనవసర వోల్టేజీని పసిగట్టి, దాన్ని తలకిందులు చేసి, ఒక రెసిస్టర్ గుండా కుడికాలికే తిరిగి పంపి రద్దు చేస్తాయి. కెల్విన్ వలయానికి ఇది దగ్గరి బంధువే. గుండెకు నేరుగా తగిలే పరికరాల నుంచి రోగిలోకి పోయే లీకేజీ మామూలు పరిస్థితిలో పది మైక్రో ఆంపియర్లు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. రిస్ట్ స్ట్రాప్ దగ్గర మనం అనుమతించిన దానిలో ఇది ఇరవయ్యో వంతు కన్నా తక్కువ.

ఇంతసేపూ ఎర్త్ ఎర్త్ అంటున్నాం గానీ, తూర్పు హైదరాబాద్‌లో ఆ ఎర్త్ దొరకడమే ఒక పని. ఈ నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. వనస్థలిపురం, సరూర్‌నగర్ వైపు పునాదులు తీసినవాళ్లకు ఆ బండ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లరేగడిలో పైపు పాతితే కరెంటు సులువుగా దిగుతుంది. బండలో దిగదు. ఎర్తింగ్‌కు మన దేశంలో ఐఎస్ 3043 అనే ప్రమాణం ఉంది. బొగ్గు, ఉప్పు పొరలు వేసి జీఐ పైపు పాతే పాత పద్ధతి అందరికీ తెలిసిందే. ఉప్పు వానలకు కరిగి పోతుంది, పోతూ పోతూ పైపును తినేస్తుంది. వేసవిలో బోర్లు ఎండినప్పుడే పిట్ కూడా ఎండుతుంది. పిట్ మీద గరాటు ఉండేది అందులో నీళ్లు పోయడానికే, కానీ చాలా అపార్టుమెంట్లలో దాని మీద పార్కింగ్ టైల్స్ పరిచేశారు.

ఎర్త్ విలువ 20 ఓములు ఉన్న ఇంట్లో గీజర్ బాడీకి ఫేజ్ తగిలిందనుకుందాం. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. గీజర్ లైవ్‌గానే ఉండిపోతుంది, మీటరు మాత్రం తిరుగుతుంది. అందుకే ఎర్త్ పిట్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. పిట్ తవ్వడం కష్టమని ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. టెస్టర్ పెట్టి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. ఏదో ఒక రోజు గాలివానకు న్యూట్రల్ తెగితే ఇంట్లోని ప్రతి మెటల్ వస్తువూ ఒకేసారి లైవ్ అవుతుంది.

భూమి ఎప్పుడూ సున్నా అనుకోవడం కూడా పాఠ్యపుస్తకపు భ్రమే. దానిలో ఎన్నో కరెంట్లు తిరుగుతుంటాయి. పెద్ద ల్యాబులో ఒక మూల ఒక పిట్‌కు, ఇంకో మూల ఇంకో పిట్‌కు పరికరాలను కలిపి వాటి మధ్య సిగ్నల్ కేబుల్ లాగితే, రెండు పిట్‌ల మధ్య ఉన్న కొన్ని మిల్లీవోల్టుల తేడా ఆ కేబుల్ తొడుగులో కరెంటు పారిస్తుంది. కొలతలోకి 50 హెర్ట్‌జ్ గుయ్యిమని చేరుతుంది. ఆ రొదకు విసిగి సేఫ్టీ ఎర్త్ పీకేయడం చేతకాని పని. పరికరాలన్నిటినీ ఒకే ఎర్త్ బిందువుకు తేవడం, సిగ్నల్ తొడుగును ఒక చివరనే కలపడం సరైన పని. సేఫ్టీ ఎర్త్ జోలికి ఎవరూ పోకూడదు.

ఉప్పల్ దగ్గర హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐకి ఇంతకన్నా మొండి సమస్య వచ్చింది. 1961లో ఏర్పడిన ఈ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుంచి తన ఆవరణలోనే భూ అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేసే అబ్జర్వేటరీ నడుపుతోంది. అప్పటికి చుట్టూ పొలాలు, బండలు. ఊరు పెరిగి, మేడలు లేచి, వాహనాలు మూగి, పైన మెట్రో వచ్చింది. తీగల్లోని లీకేజీకి గార్డ్ చుట్టొచ్చు. నగరమంతా పుట్టించే అయస్కాంత రొదకు చుట్టడానికి తీగ ఏది? ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోతే వచ్చే చౌటుప్పల్‌లోని తమ స్థలంలో కొత్త అబ్జర్వేటరీ కట్టుకున్నారు. కొన్ని కొలతలకు దూరమొక్కటే గార్డ్.

అదే ఉప్పల్‌లో 1993లో సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అల్ట్రా హై వోల్టేజీ ప్రయోగశాల వెలిసింది. లైన్ల మీది ఇన్సులేటర్లకు ఉప్పు, దుమ్ము, పొగమంచు పట్టిస్తే ఎలా ఉంటుందో పరీక్షించే చోటు అది. మొదట్లో చెప్పుకున్న తడి దుమ్ము లీకేజీని అక్కడ తప్పించుకోరు, కావాలని పుట్టించి కొలుస్తారు. ఒకే కరెంటు ఒక పరీక్షలో చెత్త, ఇంకో పరీక్షలో అసలు సరుకు. గార్డ్ వాడేవాడు దీన్ని మరిచిపోకూడదు. టెర్మినేషన్ పైభాగంలో నిజంగానే పగులు ఉండి, గార్డ్ తీగను సరిగ్గా దాని మీదే చుడితే, లోపమున్న కేబుల్ కూడా పరీక్ష గట్టెక్కుతుంది. అందుకని గార్డ్ లేకుండా ఒకసారి, గార్డ్‌తో ఒకసారి కొలిచి రెండు అంకెలూ రిజిస్టరులో రాయడం మంచిది. రెండింటి మధ్య తేడా టెర్మినేషన్ ఎంత మురికిగా ఉందో చెబుతుంది.

మెట్రో లైను కింద నడిచేవాళ్లకు కనిపించేది స్తంభాలు, స్టేషన్ మెట్లు. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా 2018 సెప్టెంబర్ 24న తెరిచిన ఆ దారిలో రైళ్లకు పైనున్న తీగలో 25 కిలోవోల్టుల ఏసీ ప్రవహిస్తుంది. ఇలాంటి లైను మీద, లేదా కాలనీ చివరి 11 కేవీ లైను మీద, చెయ్యి వేయబోయేవాడు ముందు సప్లై ఆపిస్తాడు. లైన్‌మన్లు దాన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటారు. ఎల్‌సీ చేతికి రావడంతో పని మొదలవ్వదు. పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయాలి. ఎవరో ఒకరి జనరేటర్ నుంచో, ఇన్వర్టర్ నుంచో కరెంటు వెనక్కి వస్తే అది మనిషి దాకా రాకుండా రాడ్ల దగ్గరే భూమిలోకి దిగాలి. రాడ్డు వేసేటప్పుడు ముందు భూమి వైపు క్లిప్పు, తర్వాత లైన్ వైపు. తీసేటప్పుడు ముందు లైన్ వైపు, తర్వాత భూమి వైపు. ఈ వరుస తిరగబడితే చేతిలోని రాడ్డే లైవ్ అవుతుంది.

మెగ్గర్ పరీక్ష ముగిశాక కూడా ఇదే జాగ్రత్త. పొడవైన కేబుల్ అంటే పెద్ద కెపాసిటర్. ఒక మైక్రోఫారడ్ కేబుల్ 5000 వోల్టులకు ఎక్కితే అందులో పన్నెండున్నర జౌళ్ల శక్తి నిలబడుతుంది, ఒక మనిషిని చంపడానికి చాలినంత. క్షణం సేపు ఎర్త్ తగిలించి తీసేస్తే సున్నాకు దిగినట్టే కనిపిస్తుంది. కానీ ఇన్సులేషన్ లోలోపల పీల్చుకున్న ఛార్జీ మెల్లగా పైకి వచ్చి, కొన్ని నిమిషాల్లో కండక్టర్ మీద మళ్లీ వందల వోల్టులు నిలబెట్టగలదు. పెద్ద మోటార్లు, జనరేటర్ల వైండింగులకు పాటించే నియమం ప్రకారం ఎంతసేపు ఛార్జ్ చేశారో కనీసం దానికి నాలుగు రెట్లు ఎర్త్‌లో ఉంచాలి. ఇన్సులేషన్ స్థితిని చెప్పే పోలరైజేషన్ ఇండెక్స్ అనే కొలత కోసం పది నిమిషాలు పరీక్ష చేస్తే, నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు గార్డ్ తీగను కూడా ఎవరూ విప్పకూడదు, ఎర్త్ క్లిప్పు దగ్గర ఒక మనిషి ఉండాలి.